‘లేక్ ఎఫెక్ట్ స్నో’ను తెలుగులో ఏమందాం?

ప్రశ్న: అమెరికాలో ఈరీ సరస్సు తూర్పు కొసనున్న బఫెలోలో ఉంటున్నాం. ఇక్కడి ‘లేక్ ఎఫెక్ట్ స్నో’ గురించి ఊళ్లో ఉన్న అమ్మకు ఫోనులో చెప్పబోతే ‘అల్పపీడనమా?’ అని అడుగుతోంది. ‘సరస్సు మంచు’ అంటే సరిపోతుందా?

జవాబు: అమ్మగారు అన్నదాంట్లో సగం నిజముందండీ. మనకు అల్పపీడనం అంటే వానే. బంగాళాఖాతంలో అది బలపడితే వాయుగుండం, గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుఫాను. కోస్తాలో ఈ వరస చిన్నపిల్లలకూ తెలుసు.

బఫెలోలో లెక్క వేరు. అల్పపీడనం ఊరి మీద ఉన్నప్పుడు కాదు, తూర్పుకు దాటిపోయాక అసలు పని మొదలవుతుంది. భారమితిలో పీడనం పెరుగుతూ ఉంటుంది, ఇక తెరిపి ఇచ్చినట్టే అనుకుంటాం. సరిగ్గా అప్పుడే కెనడా చలిగాలి పడమర, నైరుతి వైపు నుంచి ఈరీ సరస్సు పొడవునా, దాదాపు 390 కిలోమీటర్లు, నీటి మీదుగా వస్తుంది. నవంబరులో ఆ నీటిలో వేసవి వేడి ఇంకా మిగిలే ఉంటుంది. నీటికీ, ఒకటిన్నర కిలోమీటరు ఎత్తులోని గాలికీ 13 డిగ్రీల సెల్సియస్ తేడా ఉంటే చాలు, ఆవిరి లేచి మేఘం కట్టి, ఒడ్డున కుమ్మరిస్తుంది. అదీ సన్నని పట్టీగానే. 2014 నవంబరులో దక్షిణ శివార్లలో 5 అడుగులకు పైగా పడితే ఉత్తరాన పడింది కొద్ది అంగుళాలే.

‘సరస్సు మంచు’ మాత్రం వద్దంటాను. గడ్డి మీది బొట్టూ మంచే, తెల్లవారుజామున దారి కమ్మేసేదీ మంచే, హిమాలయాల మీదిదీ మంచే. ‘సరస్సు మంచు’ అనగానే గడ్డకట్టిన సరస్సే మనసుకు తోస్తుంది. ఈరీ సగటు లోతు 19 మీటర్లే కాబట్టి త్వరగా గడ్డకడుతుంది. కట్టిందంటే ఆవిరి లేవదు, ఈ కురవడమూ తగ్గిపోతుంది. పేరు చెప్పగానే తోచేది అసలుదానికి విరుగుడైతే ఎలా? ‘సరస్సు ఆవిరి హిమపాతం’ అందాం. ‘ఎఫెక్ట్’ను ‘ప్రభావం’ అంటే ఏం జరిగిందో తెలియదు, ఆవిరి అంటే తెలుస్తుంది. అమ్మగారితో అయితే ‘సరస్సు మీంచి లేచిన ఆవిరి మంచై కురుస్తోంది’ అనండి.

ఇంకొకరు: ‘సరస్సుగాలి హిమపాతం’ అంటే నోటికి తేలిక కదా?

జవాబు: ఆ మాట వేసవికి కావాలండీ. మధ్యాహ్నం షికాగోలో నేల వేడెక్కి, దాని మీద పీడనం కాస్త తగ్గి, మిషిగన్ సరస్సు మీంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ఒడ్డున ఉన్నవాళ్లకు హాయి, కాస్త లోపలికి వెళితే ఉక్క. విశాఖలో సముద్రపు గాలి అన్నట్టే అక్కడ దాన్ని సరస్సుగాలి అనాలి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఇంకొక్కటి. నైరుతి గాలి గట్టిగా తోస్తే ఈరీ నీళ్లు మా ఒడ్డుకు ఎగదన్నుతాయి. అవతలి కొసన టొలీడోలో కన్నా ఇక్కడ 2 మీటర్లకు పైగా ఎత్తు పెరిగిన సందర్భాలున్నాయి. ఉప్పెన అనవచ్చా?

జవాబు: నిస్సందేహంగా అనండి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదీ గాలి తోసుకొచ్చిన నీరే. అక్కడ పీడనం బాగా పడిపోవడం వల్ల కూడా నీటిమట్టం కొంత లేచింది, ముఖ్యంగా తోసింది మాత్రం గాలే. దీనికి కొత్త మాట వెతకనక్కరలేదు.