అప్‌డేట్: మామగారి వించెస్టర్ 94కి స్కోప్

టెక్సాస్‌లో మా మామగారు వదిలి వెళ్ళిన వించెస్టర్ 94 వేట రైఫిల్‌కి స్కోప్ (గురి చూసే చిన్న దుర్భిణి) పెట్టించవచ్చా అని అడిగాను కదా. పెట్టించాం, కానీ రిసీవర్ (తూటా లోపలికెళ్ళి, ఖాళీ కేసు బయటికొచ్చే మధ్య భాగం) మీద కాదు. మాది 1950ల నాటిది. 1982లో యాంగిల్ ఎజెక్ట్ (ఖాళీ కేసుని పక్కకి విసిరే ఏర్పాటు) వచ్చేదాకా ఈ మోడల్ పేలిన తూటా ఖాళీ కేసుని నేరుగా పైకే విసిరేది. సరిగ్గా అక్కడే స్కోప్ ఉంటే దానికే తగులుతుంది. పక్కకి జరిపి బిగించాలంటే రిసీవర్‌కి కొత్త రంధ్రాలు వేయాలన్నారు. 1964కి ముందు తుపాకీకి అలా చేస్తే పాత తుపాకులు సేకరించేవాళ్ళ దగ్గర విలువ పడిపోతుంది. ధర సంగతి అలా ఉంచితే, ఆయన అంత అపురూపంగా చూసుకున్నదాన్ని తొలిపించడానికి మా ఆవిడకీ నాకూ మనసొప్పలేదు.

చివరికి గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) గొట్టం మీద గురి చూసే వెనక సైట్ తీసి, అది ఉన్న గాడిలోనే కూర్చునే మౌంట్ (స్కోప్‌ని పట్టి ఉంచే బిగింపు) వేసి, కంటికి దూరంగా ఉండే స్కౌట్ స్కోప్ అమర్చాడు. పాత సైట్ భద్రంగా దాచాం. జింకల సీజన్‌కి ఇక టెన్షన్ లేదు.