మొదటి నవల అచ్చవుతోంది, ఉద్యోగం మానేయవచ్చా?

ఒంగోలు గుమాస్తా:
వయసు 33. సహకార బ్యాంకులో పని. పొగాకు వేలం కేంద్రం నేపథ్యంగా రాసిన నా మొదటి నవలను ఒక చిన్న ప్రచురణ సంస్థ వేస్తానంది. 240 పేజీలు, వెల 250 రూపాయలు, మొదట 500 ప్రతులు, పది శాతం రాయల్టీ. రెండు పేజీల ఒప్పందం పంపి సంతకం చేయమంటున్నారు. రెండో నవల బుర్రలో తిరుగుతోంది. కానీ బ్యాంకు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. ఆ తర్వాత అక్షరం కదలదు. ఉద్యోగం మానేసి పూర్తిగా రాతలోనే ఉందామా అని ఆలోచిస్తున్నాను. మా ఆవిడ టీచరు. "మీ ఇష్టం" అంది. అన్న తీరు చూస్తే నా ఇష్టానికి వదల్లేదని అర్థమైంది. నవలలు అచ్చయినవారు రోజు ఎలా గడుపుతారు? దీని మీద బతకగలమా?

పుస్తకాల పురుగు:
500 ప్రతులు, ప్రతికి 25 రూపాయలు. మొత్తం 12,500. అదీ అన్నీ అమ్ముడుపోతేనే, రెండేళ్లకో మూడేళ్లకో. మానకండి.

ట్రంకాల్:
లెక్క పైన ఆయన వేసేశారు కాబట్టి మిగతాది చెబుతాను. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేరి అక్కడే రిటైరయ్యాను. ఆరు నవలలు వచ్చాయి. మొదటి మూడూ వారపత్రికల్లో సీరియల్స్.

ఆ రోజుల్లోనూ రాత మీదే ఇల్లు గడిచినవారు కొద్దిమందే. వారినైనా నిలబెట్టింది పుస్తకాల షాపులు కాదు, అద్దె లైబ్రరీలు. పేటకొకటి ఉండేది. పేరున్న రచయిత్రి నవల వస్తే ఒక్కో షాపువాడు రెండు మూడు ప్రతులు కొనేవాడు. విజయవాడ ప్రచురణకర్తల ధైర్యమంతా ఆ కొనుగోళ్లే. ఇంటింటా టీవీ సీరియల్స్ మొదలయ్యాక ఆ షాపులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఇప్పుడు వెయ్యి ప్రతులు వేయాలన్నా ప్రచురణకర్త రెండుసార్లు ఆలోచిస్తున్నాడు.

నేను రాసింది ఎక్కువగా నైట్ డ్యూటీలో. రెండు దాటాక బోర్డు మీద దీపాలు వెలగడం తగ్గుతుంది. తెల్లకాగితం, ఒకవైపే రాత, ఎడమ పక్క మార్జిన్, కింద కార్బన్. సీరియల్ అంటే వారం వారం భాగం అందాలి, జ్వరమొచ్చినా సరే. "ఈ వారం మీ పాత్రలెవరూ గడప దాటలేదేం?" అని సంపాదకుడు ఒకసారి కార్డు రాశారు. తర్వాతి భాగంలో అందరినీ రైలెక్కించాను. పుస్తకంగా వేసేటప్పుడు ఆ రైలు ప్రయాణం మొత్తం కొట్టేయాల్సి వచ్చింది. ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ గుర్తుచేయడానికి రాసిన వాక్యాలూ అంతే. సీరియల్‌ను నవలగా మార్చడం దాదాపు మళ్లీ రాయడమే.

ఇప్పటి నా రోజు అడిగారు. తెల్లవారుజామున ఐదు నుంచి ఏడున్నర దాకా కొత్త పేజీలు, ఫోను వేరే గదిలో. ఆ తర్వాత నేను నా పుస్తకాలకే గుమాస్తాను. ప్రూఫులు, పార్సిళ్లు, పంపిణీదారులకు లెక్కల కోసం ఉత్తరాలు. ఒక పంపిణీదారు నాకివ్వాల్సిన బాకీకి మా మనవడి వయసుంది. తపాలా సంగతి కూడా తెలిసి ఉండాలి. పుస్తకాలు చవకగా పంపే రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది, అలాంటిదే జ్ఞాన్ పోస్ట్ 2025 మేలో వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు. మీ 240 పేజీల నవల దాదాపు ఆ బరువే ఉంటుంది. పల్చటి కాగితం అడగండి.

ఆవిష్కరణ సభ మీద డబ్బు పోయకండి. హాలు అద్దె, శాలువాలు, టిఫిన్లు కలిపితే ఇంకో వంద ప్రతులు వేయించవచ్చు. పైగా వేదిక మీద పుస్తకం చదివి వచ్చింది ఎవరో రెండో వాక్యానికే తెలిసిపోతుంది.

ఉద్యోగం మానకండి, సెలవు మాత్రం దాచుకోండి. మొదటి చిత్తుకు రోజుకు గంట చాలు, అదీ బ్యాంకుకు వెళ్లే ముందు. చివరి తిరగరాతకు మాత్రం రెండు వారాలు వరుసగా కావాలి. నలభయ్యో పేజీలో వేలం పాట పాడినవాడు రెండు వందో పేజీలో ఏం మాట్లాడాలో తెలియాలంటే నవల మొత్తం ఒకేసారి తలలో ఉండాలి. బ్యాంకుకు వెళ్లివస్తూ అది కుదరదు.

ఇంతకీ ఆ ఒప్పందంలో ఏముంది?

ఒంగోలు గుమాస్తా:
మేడమ్, చాలా కృతజ్ఞతలు. "రచనకు సంబంధించిన సర్వహక్కులూ అన్ని మాధ్యమాల్లో ప్రచురణకర్తవే" అని ఉంది. కాలపరిమితి ఎక్కడా లేదు. రాయల్టీ "అమ్మకాలపై పది శాతం" అన్నారు.

ట్రంకాల్:
సంతకం ఆపండి.

1957 నాటి కాపీరైట్ చట్టంలో సెక్షన్ 19 చదవండి. హక్కుల బదిలీ పత్రంలో కాలం రాయకపోతే అయిదేళ్లుగా లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా వాడుకోకపోతే, పత్రంలో వేరేలా లేనంతవరకు, అది రద్దవుతుంది. కాబట్టి కాలం లేకపోవడం మీకు మరీ ప్రమాదం కాదు. "శాశ్వతంగా" అన్న మాట ఎక్కడైనా దూరిందేమో చూడండి. అది ఉంటే అయిదేళ్ల లెక్క ఆదుకోదు.

ప్రమాదమంతా "సర్వహక్కులూ" దగ్గర ఉంది. దాన్ని కొట్టేసి "తెలుగులో ముద్రిత పుస్తకం, మూడేళ్లు" అని రాయించండి. ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ మీ దగ్గరే ఉండాలి. పొగాకు వేలం అంటున్నారు, ఎవరో ఒకరు సినిమాకు అడగవచ్చు. అప్పుడు బేరమాడేది మీరు కావాలి.

ఇక "అమ్మకాలపై" అంటే వెల మీదా, చేతికొచ్చిన సొమ్ము మీదా? పంపిణీదారుకు నలభై, యాభై శాతం తగ్గింపు పోతుంది. సగానికి ఇచ్చిన పుస్తకం మీద లెక్కగడితే మీకు దక్కేది 25 కాదు, పన్నెండున్నర. "ముద్రిత వెలపై" అని స్పష్టంగా ఉండాలి. ఏడాదికి రెండుసార్లు లెక్క పంపాలని కూడా రాయించండి. ఇవన్నీ మెయిల్‌లోనే అడగండి. ఫోను మాటకు సాక్ష్యం ఉండదు, ఉద్యోగమంతా వాటిని కలిపినదాన్ని చెబుతున్నాను.

పేజీలు కట్టేవాడు:
నాది డీటీపీ పని. ఇంకో మాట. మీరు యూనికోడ్‌లో రాసి ఉంటారు. చాలా ప్రెస్సులు దాన్ని "అను" అనే పాత తరహా ఫాంట్లలోకి మార్చి పేజీలు కడతాయి. మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి. విడిగా ఉండాల్సిన అక్షరం ముందున్నదాని కిందికి దిగిపోతుంది, కొన్నిచోట్ల అక్షరమే ఎగిరిపోతుంది. కంప్యూటర్ తెర మీద మీరు దిద్దిన ప్రతి ఎంత శుభ్రంగా ఉన్నా సరే, పేజీలు కట్టాక కాగితం మీద ప్రింటు తీయించుకుని చదవండి. ఎర్ర పెన్ను వాడండి, నీలం పెన్నుతో దిద్దింది మాకు అంత తేలిగ్గా కనబడదు.

పుస్తకాల పురుగు:
33 అన్నారు కదా, సాహిత్య అకాదెమీ యువ పురస్కారానికి వయసు 35 దాటకూడదు. నగదు 50,000. నవల త్వరగా బయటికి రావడం మంచిది.

ఒంగోలు గుమాస్తా:
మెయిల్ పెట్టాను. ముద్రిత వెలపైనే పది శాతానికి ఒప్పుకున్నారు. సినిమా, అనువాదం వదిలేశారు. ఆడియో మాత్రం తమకే కావాలంటున్నారు.

ట్రంకాల్:
ఇవ్వదలిస్తే ఆడియో మీద వచ్చినదాంట్లో సగం మీకు, ఏడాదిన్నరలో విడుదల చేయకపోతే హక్కు వెనక్కి. ఈ రెండూ రాసి ఉంటే సంతకం పెట్టండి. రచయిత ప్రతులు ఎన్ని ఇస్తారో అడగలేదు మీరు. పదితో సరిపెడతారు, ఇరవై అయిదు అడగండి. చుట్టాలకే చాలవు.