1938 రూపాయి, ఎంఎస్ 62: మళ్లీ గ్రేడింగ్‌కి పంపాలా?

అమలాపురం_వెండి:
నమస్తే అండి. ఆరో జార్జి బొమ్మ ఉన్న 1938 వెండి రూపాయి, టంకశాల గుర్తు చుక్క లేని రకం, ఎన్‌జీసీ (నాణేలకి గ్రేడ్ ఇచ్చే అమెరికా కంపెనీ) వాళ్ల పాత స్లాబ్‌లో, అంటే సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టెలో, ఎంఎస్ 62గా ఉంది (ఎంఎస్ అంటే అరుగుదల లేని నాణెం, 60 నుంచి 70 దాకా అంకెలు). స్లాబ్ పైన గీతలు బాగా పడ్డాయి. వంచి చూస్తే మెరుపు రెండు వైపులా చక్రంలా తిరుగుతోంది, కిరీటంలో రాళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయి. రాజు ముఖం ముందున్న ఖాళీలో సన్నటి గీతలున్నాయి గానీ అవి నాణెం మీదవో, ప్లాస్టిక్ మీదవో తేలడం లేదు. ఒక డీలర్ "ఇది 64 సరుకు, స్లాబ్ విప్పి పంపండి" అంటున్నారు. పంపడం మంచిదేనా? పంపితే ఏ దారిలో పంపాలి?

రాజమండ్రి_తులం:
ముందు ఆ గీతల సంగతి తేల్చండి. 62 దగ్గర ఆగిపోయిందంటే కారణం చాలావరకు అక్కడే ఉంటుంది.

ట్యూబ్‌లైట్ కింద, కిటికీ వెలుతురులో చూడకండి. గీతలు అక్కడ దాక్కుంటాయి. గదిలో మిగతా లైట్లన్నీ ఆపి, టేబుల్ లాంప్‌లో 75 లేదా 100 వాట్ల పాతరకం బల్బు ఒక్కటే పెట్టండి. భూతద్దం 5 రెట్లది చాలు. 10 రెట్ల దానికింద ఎంత మంచి నాణెమైనా చెడ్డగానే కనిపిస్తుంది, అది ఆఖర్న తీయండి. భూతద్దాన్ని మెల్లగా పైకీ కిందికీ జరపండి. చుట్టూ ఉన్న అక్షరాలు తేటగా కనిపించే ఎత్తులోనే గీత కూడా తేటగా ఉంటే అది నాణెం మీదిది. అక్షరాలు మసకబారాక గీత తేటపడితే ప్లాస్టిక్‌ది.

నాణెం మీదిదే అయినా కంగారు పడకండి. అచ్చుని సానపట్టినప్పుడు అచ్చు మీద గాడి పడుతుంది, అది నాణెం మీద ఉబ్బెత్తు గీతగా దిగుతుంది. అలాంటి గీత ఖాళీలోనే నడిచి, ముక్కు అంచుకో అక్షరం అంచుకో రాగానే ఆగిపోతుంది. అది టంకశాల నుంచే వచ్చింది గనుక దెబ్బ కింద లెక్క కాదు. తుడవడం వల్ల వచ్చిన గీత లోపలికి దిగి ఉంటుంది. ఖాళీలో మొదలై చెంప మీదికి, కిరీటం మీదికి ఆగకుండా ఎక్కేస్తుంది. మన వైపు వెండి రూపాయల్ని వరలక్ష్మీ వ్రతానికి పళ్లెంలో పెట్టి, తర్వాత చింతపండుతోనో విభూదితోనో తోమేస్తారు కదా, విభూది నలుసులు వెండిని గీసేస్తాయి. అలాంటి గీతలు కొద్దిగా ఉంటే 61, 62 ఇస్తారు. మోతాదు మించిందంటే అంకె ఉండదు, "క్లీన్డ్" అని డీటెయిల్స్ లేబుల్ వేస్తారు. విప్పి పంపితే ఉన్న 62 కూడా పోయే దారి ఇదే.

ఇంకొకటి చూడాలి. చెంప ఎముక, కనుబొమ, చెవి మీద జుట్టు: ఇవి ముందు అరిగే చోట్లు. నాణాన్ని వంచుతున్నప్పుడు మెరుపు అక్కడికి వచ్చి తెగి, బూడిద రంగు మచ్చలా నిలిచిపోతే అది అరుగుదల. అప్పుడు ఏయూ 58 (కాస్త అరిగిన నాణేనికిచ్చే గ్రేడ్, ఎంఎస్ కన్నా కింద) అనేయొచ్చు. జుట్టు పోగులు సరిగా లేకపోయినా మెరుపు వాటి మీదుగా సాగిపోతుంటే టంకశాలలో అచ్చు గట్టిగా పడలేదని మాత్రమే అర్థం.

భీమవరం_లెక్క:
తులం గారు నాణెం సంగతి చెప్పారు, నేను డబ్బు సంగతి చెబుతాను. అయ్యే ఖర్చు మొత్తాన్ని, గ్రేడ్ పెరిగితే మీ చేతికి అదనంగా వచ్చే సొమ్ముతో భాగించండి. ఎంత శాతం వచ్చిందో, గ్రేడ్ పెరుగుతుందన్న నమ్మకం కనీసం అంతుండాలి.

గ్రేడింగ్ రుసుము, ప్రాసెసింగ్, రానూపోనూ ఇన్సూరెన్స్‌తో కొరియర్, డీలర్ కమీషన్ అన్నీ కలిపి 6,000 అనుకుందాం. 63 వస్తే 4,000 ఎక్కువ పలుకుతుందనుకుంటే, 6,000 బై 4,000, అంటే 150 శాతం. పెరగడం ఖాయమని తెలిసినా నష్టమే. 64 వస్తే 15,000 ఎక్కువ అనుకుంటే 40 శాతం. ఒకేసారి రెండు మెట్లు ఎక్కడానికి పదింట నాలుగు పాళ్లు అవకాశం ఉందా? లోపలికి దిగిన గీతలున్న నాణేనికి లేదనే నా అభిప్రాయం. గ్రేడ్ తగ్గితే పోయే సొమ్ము ఈ లెక్కలో ఇంకా కలపలేదు.

ధరలకి వేలంలో నిజంగా అమ్ముడుపోయిన రేట్లు చూడండి, అమ్మేవాళ్లు అడిగే రేట్లు కాదు. గ్రేడుకి ఎన్ని నాణేలున్నాయని కంపెనీలు ఇచ్చే పట్టికనూ గుడ్డిగా నమ్మొద్దు. విప్పినవాళ్లు పాత లేబుల్ తిరిగి ఇవ్వకపోతే ఒకే నాణెం రెండు మూడుసార్లు లెక్కకెక్కుతుంది. మీది 1939 అయ్యుంటే వేరే మాట. అది అరుదు, మెట్టు మెట్టుకీ ధర దూకుతుంది.

యానాం_టంకం:
పంపే దారి గురించి. "విప్పి పంపండి" అన్న సలహా మాత్రం తీసుకోకండి. స్లాబ్ పగిలిన క్షణం నుంచి గ్రేడూ పోతుంది, కంపెనీ హామీ కూడా పోతుంది. పగలగొట్టేటప్పుడు ప్లాస్టిక్ ముక్క జారి అంచుకి తగిలిందంటే ఇక చేయగలిగింది లేదు.

స్లాబ్‌లో ఉంచే చూసి, పెరుగుతుందనుకుంటేనే విప్పే పద్ధతి ఉంది. వేరే కంపెనీకి పంపితే క్రాస్‌ఓవర్ (ఒక కంపెనీ స్లాబ్ నుంచి ఇంకో కంపెనీ స్లాబ్‌కి మార్చడం) ఫారంలో "కనీస గ్రేడ్" గడి ఉంటుంది. అందులో 63 రాస్తే, అంతకన్నా తక్కువ అనిపించినప్పుడు విప్పకుండానే తిరిగి పంపుతారు. రుసుము మాత్రం పోతుంది. గ్రేడ్ పెరిగితే నాణెం విలువలో కొంత శాతం అదనంగా తీసుకునే సర్వీసులూ ఉన్నాయి, ఫీజుల పేజీ చివరిదాకా చదవండి.

అన్నిటికన్నా ముఖ్యం చట్టం. ఎన్‌జీసీ ఫ్లోరిడాలో, అలాంటిదే మరో గ్రేడింగ్ కంపెనీ పీసీజీఎస్ కాలిఫోర్నియాలో ఉన్నాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు, దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. 1938ది ఇంకా ఆ గీత దాటలేదు. కానీ అదే పార్సెల్‌లో 1862 విక్టోరియా రూపాయో, రాజు బొమ్మ మీది ఏనుగు పందిలా కనిపించే 1911 రూపాయో కలిపారంటే చిక్కుల్లో పడతారు. డీలర్ చేతికిచ్చేటప్పుడు స్లాబ్ నంబరు వేసి రసీదు తీసుకోండి, ముందూ వెనకా ఫొటో ఉంచుకోండి. ఎగుమతి కాగితాలు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ దగ్గర ఇబ్బంది.

అమలాపురం_వెండి:
బల్బు కింద చూశానండి. ప్లాస్టిక్ గీతలు పోగా నాలుగు మిగిలాయి. రెండు ముక్కు అంచు దగ్గర ఆగిపోయాయి. మిగతా రెండు ఖాళీలోంచి చెంప మీదుగా చెవి దాకా వెళ్లాయి, లోపలికి దిగినవే. పంపడం లేదు. స్లాబ్ మీద గీతలు పోగొట్టే వీలుందా? అంచు దగ్గర లేత పసుపు రంగు కూడా మొదలైంది.

రాజమండ్రి_తులం:
మంచి పని చేశారు. ప్లాస్టిక్ పాలిష్ బఠాణీ గింజంత మెత్తటి బట్ట మీద వేసి, స్లాబ్ మధ్యలో మాత్రం రుద్దండి. అతుకుల దగ్గరికి పోనివ్వొద్దు, పాలిష్ స్లాబ్‌లోకి దిగొచ్చు.

ఆ పసుపు గంధకం వల్ల వెండికి పట్టే రంగు. వానాకాలం తేమలో తొందరగా ముదురుతుంది. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి, నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్లీ వాడండి. స్లాబులకి రబ్బరు బ్యాండ్లు చుట్టి ఉంటే ఇవాళే తీసేయండి, గంధకం వాటిలోనూ ఉంటుంది.