కారు నావిగేషన్‌లో లైవ్ ట్రాఫిక్‌కి డబ్బులు కట్టాలా, వద్దా? తెలిసినవాళ్లు చెప్పండి

కావలి కారు:
అన్నలూ, సాయంత్రం నుంచి దీంతోనే కూర్చున్నాను, తల వేడెక్కిపోతోంది. కారుతో వచ్చిన స్క్రీన్ మీద ట్రాఫిక్ గీతలు రావడం లేదు. మ్యాప్ వస్తోంది, దారి చెబుతోంది, మలుపు దగ్గర గొంతు కూడా వినపడుతోంది. ఎర్ర గీత, పచ్చ గీత మాత్రం లేవు. లైవ్ ట్రాఫిక్ గడువు అయిపోయింది, మళ్లీ డబ్బులు కట్టండి అని మెసేజ్. సరే కడదామని కూర్చుంటే అదీ కావడం లేదు, తిరిగి తిరిగి మొదటి పేజీకే వస్తోంది.

పని మీద తరచూ చెన్నై పోతుంటాను. మొన్న తడ దాటాక, గుమ్మిడిపూండి ఇంకా రాకముందే లారీ అడ్డం పడి బండ్లన్నీ బారులు తీరాయి. నాకు స్క్రీన్ మీద ఏ గుర్తూ లేదు, నేరుగా పోయి అందులో ఇరుక్కున్నాను. పాప పరీక్ష ఉంది, అది పోతుందేమోనని ఒకటే టెన్షన్. ఏడాదికోసారి దీనికి డబ్బులు కట్టడం దండగా, నిజంగా పనికొస్తుందా? కట్టి వాడుతున్నవాళ్లు చెప్పండి. అర్జెంటు.

మార్కాపురం పలక:
దండగ. ఫోన్‌లో ఊరికే వస్తుంది. ఫోన్ పెట్టుకో.

పెన్నా గట్టు:
తమ్ముడూ, అసలు సంగతులు చెప్పకుండా అడిగావు. కారు ఏ ఏడాది మోడలు? స్క్రీన్‌కి నెట్ యాడ నుంచి వస్తోంది, కారులోనే సిమ్ ఉందా, నీ ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తున్నావా? ఫోన్‌ని కారు స్క్రీన్‌కి కలిపే ఆండ్రాయిడ్ ఆటో ఉందా? డబ్బులు కట్టేటప్పుడు ఏ మెట్టు దగ్గర ఆగిపోతోంది? ఇవి తెలిస్తే సగం పని అయిపోతుంది.

కావలి కారు:
మామూలు కారే అన్నా, పెద్ద స్క్రీన్ ఉంది. జీపీఎస్ బాగానే ఉంది, ట్రాఫిక్ జీపీఎస్ ఒక్కటే రావడం లేదు.

సూళ్లూరుపేట శాటిలైట్:
ట్రాఫిక్ జీపీఎస్ అంటూ ఒకటి లేదండీ. ఈ మాట దగ్గరే అందరూ పొరబడుతున్నారు కాబట్టి వివరంగా చెబుతాను. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ టైము, తాము ఉన్న చోటు మాత్రమే పంపుతుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే మీ కారులో ఉన్న రిసీవర్ తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. ఊరి మధ్య గడియార స్తంభం టైము చూపిస్తుంది గానీ, దాని కింద ఎవరు నిలబడి చూస్తున్నారో దానికి తెలియదు. ఉపగ్రహమూ అంతే. మీ కారు ఆగిందా, కదిలిందా దానికి తెలియదు. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, డబ్బులూ అక్కర్లేదు.

జీపీఎస్ లాంటిదే మన దేశం పెట్టుకున్న నావిక్ కూడా చేసేది ఇదే పని. ఆ వరుసలో మొదటి ఉపగ్రహం 2013 జులై 1న ఇక్కడ శ్రీహరికోట నుంచే లేచింది. కొత్త ఫోన్లలో చాలావాటికి నావిక్ సంకేతం అందుతుంది. కారు కంపెనీలు కూడా దాన్ని పెట్టాలని మనం గట్టిగా అడగాలి. మన గడ్డ మీద నుంచి ఎగిరినదాన్ని మనమే వాడుకోకపోతే ఎట్టా?

మార్కాపురం పలక:
ఆయన అడిగింది ట్రాఫిక్ గురించి.

ఒంగోలు మాష్టారు:
ఫోన్ పెట్టుకో అని ఒక్క మాటలో చెప్పేశారు గానీ, ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పాలి. 1989 కేంద్ర మోటారు వాహన నియమాలను సవరించి 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. నడిపేటప్పుడు చేతి ఫోన్ లాంటి పరికరాన్ని దారి చూసుకోవడానికి తప్ప మరి దేనికీ వాడరాదు, అది కూడా డ్రైవరు ధ్యాస చెదరకుండా అని అందులో ఉంది. ఈ హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు, జైలు శిక్షకు కూడా వీలుంది. ఒళ్లో ఫోన్ పెట్టుకుని, తల దించి చూస్తూ టంగుటూరు టోల్‌గేటు లైన్లోకి వచ్చేవాళ్లను రోజూ చూస్తున్నాను. ఎంత చెప్పినా వినరు. డ్యాష్‌బోర్డు మీద స్టాండు బిగించుకోండి, అద్దంలో చూపుకి అడ్డం రాకుండా చూసుకోండి. బయలుదేరే ముందే ఊరి పేరు కొట్టి పెట్టుకోండి.

లీడ్స్‌లో నెల్లూరోడు:
ఇక్కడ ఇంగ్లండులో ఈ చర్చ చాన్నాళ్ల నుంచి ఉంది కాబట్టి చెబుతున్నా. మునుపు అద్దానికి అతికించుకునే, దారి చూపే సాట్‌నావ్ పెట్టెలు ఉండేవి కదా, వాటిల్లో చాలావాటికి ట్రాఫిక్ సమాచారం ఎఫ్ఎం రేడియో ద్వారా వచ్చేది. పాటతో పాటే, చెవికి వినపడని సంకేతంగా. దాన్ని టీఎంసీ అంటారు. కొన్ని మోడళ్లకు ఆ రిసీవరు చార్జింగ్ వైరులోనే ఉండేది, వేరే వైరు పెడితే ట్రాఫిక్ రాదు. ఏం జరిగింది, ఎక్కడ జరిగింది అన్న రెండు నంబర్లే అందులో ముఖ్యం. చోటుకి ఇచ్చే నంబర్లు ముందుగా పట్టికలో ఉన్న పెద్ద రోడ్లకే ఉండేవి, సందులూ చిన్న రోడ్లూ దాని లెక్కలోకే రావు. 2007లో ఈ పెట్టెలు చేసే టామ్‌టామ్ వాళ్లు నెదర్లాండ్స్‌లో వొడాఫోన్‌తో కలిసి హెచ్‌డీ ట్రాఫిక్ మొదలుపెట్టారు. మొబైల్ ఫోన్ల కదలికలను బట్టి రద్దీ లెక్క కట్టి, ఆ సమాచారాన్ని సిమ్ ద్వారా పంపడం. అప్పుడు తేడా తెలిసింది జనానికి. అప్పట్లో దానికి డబ్బులు కట్టడంలో అర్థముంది, ఎందుకంటే ఫోన్‌లో ఇంత బాగా ఊరికే వచ్చేది కాదు. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. లైఫ్‌టైమ్ ట్రాఫిక్ అని రాసి ఉన్న పెట్టె కొనుక్కోవడం ఒక్కటే నాకు నచ్చిన పద్ధతి, ఒకసారి కడితే జన్మకు సరిపోతుంది.

పెన్నా గట్టు:
లైఫ్‌టైమ్ అంటే మన జన్మ కాదు బాబాయ్. ఆ పెట్టె పనిచేసినంత కాలం, ఆ మోడల్‌ని కంపెనీ పట్టించుకున్నంత కాలం. పాత మోడళ్లకు ఆపేసిన సందర్భాలున్నాయి. కొనేముందు షరతులు చదవాలి.

లీడ్స్‌లో నెల్లూరోడు:
నాది ఇంకా పనిచేస్తోంది.

పెన్నా గట్టు:
మంచిదే. మీది పనిచేస్తోందంటే అందరిదీ పనిచేస్తుందని కాదు కదా.

ఇక తమ్ముడి ప్రశ్నకి వస్తాను. నేను నెల్లూరులో కారు స్టీరియోలు, స్క్రీన్‌లు బిగించే పని చేస్తాను, రోజూ ఇదే ప్రశ్న. డబ్బులు కట్టాక వచ్చేది ఏంది? నీ ముందు పోతున్న బండ్లు ఎంత వేగంగా పోతున్నాయో ఆ సమాచారం. అది ఎవరి దగ్గర ఎక్కువ ఉంటే వాళ్ల గీతలు అంత నిజం. మన రోడ్ల మీద ప్రతి కారులో, ఆటోలో, బైకు జేబులో ఫోన్ ఉంది. ఆ ఫోన్ల కదలికతోనే గూగుల్ మ్యాప్స్ రంగులు వేస్తుంది. నీ కారు కంపెనీ సమాచారం ఎవరి దగ్గర కొంటోంది, మన వైపు దానికి ఎన్ని బండ్ల వేగం అందుతోంది, ఇది అడక్కుండా డబ్బులు కట్టొద్దు. సేవ బతికి ఉన్న రోజుల్లో నీ స్క్రీన్, నీ ఫోన్ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే తేడా నీకే తెలిసేది. ఉచిత ట్రయల్ ఇస్తే ఇప్పుడైనా చూడు. వీఆర్సీ సెంటర్ దగ్గర సాయంత్రం పూట చూడు, ఆర్టీసీ బస్టాండు ముందు చూడు. ఏది ముందు ఎర్రబడుతుందో, ఏది ముందు తేరుకుంటుందో గమనించు. నా దగ్గరికి వచ్చే చాలామందికి నేను కట్టొద్దనే చెబుతున్నాను, ఆండ్రాయిడ్ ఆటో ఉంటే ఇక ఆలోచించే పనే లేదు, ఫోన్‌లో మ్యాప్ పెద్ద స్క్రీన్ మీదకే వచ్చేస్తుంది. గంటకు కొన్ని ఎంబీల డేటా, అంతే.

ఒక్క మాట. రోజూ చెన్నైలోనో బెంగళూరులోనో తిరిగేవాళ్లు, ఫోన్ ముట్టుకోవడం ఇష్టం లేనివాళ్లు కట్టుకుంటే నేను కాదనను. కారులో సిమ్ ఉంటే ట్రాఫిక్‌తో పాటు ప్రమాదం జరిగినప్పుడు కారు నుంచే సాయానికి ఫోన్ వెళ్లడం లాంటివి కూడా అదే చందాలో వస్తాయి కొన్నిటికి. అప్పుడు కట్టేది ట్రాఫిక్‌కి కాదు, వాటికి.

గూడూరు డ్రైవరన్న:
నేను టాక్సీ తోలతాను, ఇది నా కూడు. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఎవరి ట్రాఫిక్ అయినా నాకు పెద్దగా పనికిరాలేదు. ఉన్నది ఒకే హైవే. సింగరాయకొండ దగ్గర బండ్లు ఆగాయని ముందే తెలిసినా యాడికి పోతావు? ఉలవపాడు దగ్గర ఆగి మామిడికాయలు కొనుక్కోవడానికి పనికొస్తుంది, అంతే. తెలిసినందుకు లాభం ఎప్పుడంటే, పక్క దారి ఉన్నప్పుడు. మాధవరం, రెడ్‌హిల్స్ వైపు పక్క దారులున్నాయి, అక్కడ ఫోన్ నాకు చాలాసార్లు మేలు చేసింది.

ఇంకోటి, వాన పడితే ఈ గీతలు నమ్మొద్దు. నెల్లూరులో మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి కింద, ఆత్మకూరు బస్టాండు అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే బండ్లు పోవడమే ఆగిపోతాయి. పోయే బండే లేకపోతే వేగం కొలవడానికి ఏమీ ఉండదు, మ్యాప్ మాత్రం ఖాళీగా ఉంది రమ్మన్నట్టు అటే చూపిస్తుంది. నీళ్లలో దిగి ఇంజన్ పోగొట్టుకున్నవాళ్లని నేను తాడేసి లాగాను. మొహర్రం నెలలో రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు వైపు పోలీసులు దారులు మళ్లిస్తారు, అది కూడా మ్యాప్‌కి ఆలస్యంగా తెలుస్తుంది. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద బండ్లు ఆపేశారు. ఆ రోజు నాకు దారి చెప్పింది లారీ వాళ్ల వాట్సాప్ గ్రూపు, కూడలిలో నిలబడ్డ కానిస్టేబులు.

మార్కాపురం పలక:
దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లోకి పోతే సిగ్నలే ఉండదు. కట్టినా రాదు.

పెన్నా గట్టు:
అక్కడ ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దింపుకోవాలి. దారి చూపిస్తుంది, ట్రాఫిక్ చూపించదు. అడవిలో గేటు రాత్రిపూట మూస్తారు, అది కూడా గుర్తు పెట్టుకోవాలి.

కావలి తమ్ముడూ, డబ్బులు కట్టేటప్పుడు ఏమవుతోందో ఇంకా చెప్పలేదు నువ్వు.

కావలి కారు:
ఓటీపీ అడుగుతోంది అన్నా. ఓటీపీ రావడం లేదు. మళ్లీ పంపు అని నొక్కితే మళ్లీ మొదటికే. ఫోన్ రీస్టార్ట్ చేశా, సిమ్ తీసి పెట్టా, కారు స్క్రీన్‌ని కూడా రీసెట్ చేశా.

పెన్నా గట్టు:
ఓటీపీ ఏ నంబరుకి పంపుతున్నామని చూపిస్తోంది? చివరి రెండంకెలు చూపిస్తుంది చూడు.

కావలి కారు:
అవి నావి కావన్నా. కారు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, ఒంగోలాయన దగ్గర. ఆయన నంబరేమో. అది దీనికి సంబంధమా?

పెన్నా గట్టు:
పూర్తిగా అదే సంబంధం. ఇట్టాంటి కార్లలో సేవలన్నీ మొదటి ఓనరు పేరు మీద, ఆయన ఫోన్ నంబరు మీద నమోదై ఉంటాయి. నువ్వు డబ్బులు కట్టే ప్రయత్నం చేసిన ప్రతిసారీ ఆయనకి ఓటీపీ పోతోంది. ట్రాఫిక్ సంగతి పక్కన పెట్టు, ముందు దీన్ని సరిచేసుకో. ఆయన యాప్ తీసేయకపోతే నీ కారు ఇప్పుడు యాడ ఉందో ఆయన ఫోన్‌లో కనపడుతూ ఉండొచ్చు. కొన్ని మోడళ్లలో తలుపు తాళం కూడా ఆ యాప్‌లోంచే తీయొచ్చు. ఆయన మంచివాడే కావచ్చు, ఆయన ఫోన్ ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. ఇంట్లో పిల్లలున్నారని చెప్పావు.

ఆయనకి ఫోన్ చేసి, ఆయన యాప్‌లోంచి ఈ కారుని తీసేయమను. ఆర్సీ నీ పేరు మీదకి మారిందా? మారకపోతే ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరూ సంతకాలు పెట్టి ఆ పని ముందు పూర్తి చెయ్యి. ఆర్సీ కాపీ, నీ గుర్తింపు కార్డు తీసుకుని షోరూం సర్వీసు సెంటరుకి పోతే పాత ఖాతా తీసేసి నీ నంబరు మీద కొత్తది తెరుస్తారు. అప్పుడు ట్రయల్ ఏమన్నా మిగిలి ఉందేమో కూడా వాళ్లనే అడుగు.

ఒంగోలు మాష్టారు:
ఆర్సీ మార్చుకోకుండా తిరగడం మరీ ప్రమాదం. యాక్సిడెంటు జరిగితే పాత ఓనరు మెడకి చుట్టుకుంటుంది, ఇన్సూరెన్సు కూడా మీ పేరు మీదకి మారాలి. ఈ విషయం మీద విడిగా ఒక పోస్టు రాస్తాను.

సూళ్లూరుపేట శాటిలైట్:
కారు ఎక్కడుందో కనపడేది జీపీఎస్ వల్ల కాదు, కారులోని సిమ్ బయటికి పంపడం వల్ల. ఆ తేడా గమనించండి.

కావలి కారు:
ఆర్సీ మారింది, ఇన్సూరెన్సు చూడాలి. ఆయనకి ఇప్పుడే ఫోన్ చేశాను, యాప్‌లో కారు ఇంకా ఉందంట, తీసేస్తానన్నాడు. రేపు షోరూంకి పోతా. థాంక్స్ అన్నా. అప్పటిదాకా ఫోనే పెట్టుకుంటా.

గూడూరు డ్రైవరన్న:
స్టాండు మంచిది కొను, ఎండకి జిగురు ఊడే రకం వద్దు. ఏసీ గాలి తగిలేచోట బిగిస్తే ఫోన్ వేడెక్కదు.

లీడ్స్‌లో నెల్లూరోడు:
పెన్నా గట్టు గారూ, ఇక్కడి నుంచి సాట్‌నావ్ పెట్టె పంపిస్తే మా నాన్నగారి కారులో ఇండియా మ్యాప్ ఎక్కుతుందా? లైఫ్‌టైమ్ ఉన్నదే.