మూడోసారి రాయి: రాయి తీశాక స్టెంట్ తప్పదా?

ఖమ్మం కుర్రాడు:
నాకిది మూడోసారి. ఎడమవైపు మూత్రనాళం కింది భాగంలో 7 ఎంఎం రాయి, వచ్చే వారం యూఆర్ఎస్ (మూత్రం దారిలోంచి సన్నటి కెమెరా పంపడం) చేసి లేజర్‌తో పగలగొడతారట. రాయి కన్నా, తర్వాత మూత్రనాళంలో కొన్నాళ్లు ఉంచే స్టెంట్ అనే సన్న గొట్టం అంటేనే నాకు టెన్షన్. పోయినసారి అది లోపల ఉన్నన్నాళ్లూ ఊరికే బాత్రూమ్‌కి పరుగులు, మూత్రం పోస్తుంటే నడుములో పోటు, గతుకుల రోడ్డు మీద బండి నడిపితే సాయంత్రానికి మూత్రం ఎర్రగా. రాయి మొత్తం వచ్చేశాక ఆ గొట్టం ఎందుకసలు? మాటిమాటికీ రాళ్లొచ్చేవాళ్లకి తప్పనిసరా?

యూరాలజీ పీజీ:
రాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయన్న ఒక్క కారణంతో వేయక్కర్లేదు. చిన్న రాయి, ముక్కలు మిగల్లేదు, నాళానికి దెబ్బ తగల్లేదు, రెండో కిడ్నీ బాగుంది అంటే వేయకుండా వదిలేయొచ్చని గైడ్‌లైన్స్‌లోనే ఉంది. నాళం గీసుకుపోయినా, బాగా వాచినా, ఇన్ఫెక్షన్ ఉన్నా, ఉన్నది ఒకే కిడ్నీ అయినా వేయాల్సిందే, లేకపోతే వాపుకి దారి మూసుకుపోయి మూత్రం కిడ్నీలోనే నిలిచిపోతుంది. అది లోపల చూశాక తేలే విషయం, ఇప్పుడే మాటివ్వమని డాక్టర్‌ని ఒత్తిడి చేయకండి. మీకు నడుములో పోటు ఎందుకంటే, స్టెంట్ ఉంటే బ్లాడర్ దగ్గర వాల్వ్ మూసుకోదు, పోసేటప్పుడు మూత్రం కిడ్నీ వైపు వెనక్కి తంతుంది. టామ్సులోసిన్ అనే మందుతో చాలామందికి తగ్గుతుంది, అడగండి.

గుంటూరు మిర్చి:
నాకు వేయలేదు బ్రో. మొదటి రెండు రోజులు నొప్పి గట్టిగానే వచ్చింది, తర్వాత హాయి. మా అమ్మ మాత్రం కొండపిండి ఆకు పప్పు వల్లే తగ్గిందంటుంది 😀

నల్గొండ అక్క:
తమ్ముడూ, వేస్తే వేయనీ, తీసే తేదీ మాత్రం మర్చిపోకు. మా బాబాయి నొప్పి లేదు కదా అని ఏడాది దాటినా వెళ్లలేదు. స్టెంట్ రెండు కొసలకీ రాయి గట్టిగా పేరుకుపోయింది, పది నిమిషాల్లో అయిపోవాల్సిన పనికి మళ్లీ మత్తు, మళ్లీ లేజర్.

యూరాలజీ పీజీ:
అక్క చెప్పింది నిజం. రాళ్లు తయారయ్యే ఒంట్లో స్టెంట్ మీద పొర తొందరగా పడుతుంది, కాబట్టి మీలాంటివాళ్లు చెప్పిన తేదీకల్లా తీయించుకోవాలి. జ్వరం, చలి వస్తే ఆ తేదీ దాకా ఆగొద్దు, వెంటనే వెళ్లండి. ఇంకోటి, తీసిన ముక్కని పారేయనివ్వకండి, అనాలిసిస్‌కి పంపమనండి. మూడుసార్లు వచ్చిందంటే 24 గంటల యూరిన్ టెస్ట్ కూడా చేయించాలి. పాలు, పెరుగు మానేయకండి, తగ్గించాల్సింది ఉప్పు.

ఖమ్మం కుర్రాడు:
థాంక్స్ అండీ. రెండుసార్లూ ముక్కని పరీక్షకి పంపాలని ఎవరూ చెప్పలేదు, ఈసారి నేనే అడుగుతా. దారం ఉన్న స్టెంట్ అయితే మళ్లీ కెమెరా పెట్టకుండా లాగేస్తారంటున్నారు, అదెవరైనా వేయించుకున్నారా?