విరిగిన ప్రాప్ బదులు ఒక్క ఇంచు పెద్దది వేస్తే ఏమవుతుంది?

కొత్త పైలట్: నా ఫోమ్ ట్రైనర్‌ది (ఎగరేయడం నేర్చుకునే రిమోట్ ప్లేన్) 9×6 ప్రాప్, అంటే 9 ఇంచుల డయామీటర్, 6 ఇంచుల పిచ్ (ఒక్క చుట్టుకి ముందుకెళ్ళే లెక్క) ఉన్న ప్రొపెల్లర్, నిన్న ల్యాండింగ్‌లో ముక్కు నేలకి తగిలి విరిగింది. దగ్గర 10×6 ఒకటి ఉంది, షాఫ్ట్‌కి కరెక్ట్‌గా పట్టింది కూడా. 3ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ, 30 ఆంప్స్ ఈఎస్‌సీ (మోటార్ స్పీడ్ కంట్రోలర్). పెట్టేయనా?

ఫుల్ థ్రాటిల్: పెట్టెయ్ బ్రో, ఆలోచన ఎందుకు. నేను ఎప్పుడూ ఒక సైజు పెద్దదే వాడతా, నిట్టనిలువుగా లేస్తుంది. మరీ భయమైతే థ్రాటిల్ తగ్గించి ఎగరేసుకో.

బూడిద ఈఎస్‌సీ: తమ్ముడూ ఆగు, "ఒక్క ఇంచే కదా" అనుకునే నేను ఒక ఈఎస్‌సీ కాల్చుకున్నా. పైన ప్లాస్టిక్ తొడుగు బుడగలొచ్చి ముడుచుకుపోయింది, ఆ కంపు రెండ్రోజులు చేతికి వదల్లేదు. పిచ్ పెంచితే లోడు దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుద్ది, కానీ డయామీటర్ అలా కాదు, నాలుగో ఘాతంలో పెరుగుద్ది, అంటే 9 నుంచి 10కి వెళ్తే అదే ఆర్‌పీఎమ్‌కి ఒకటిన్నర రెట్లు పవర్ కావాలి. ప్రాప్ పెద్దదైందని మోటార్ ఊరుకోదు కదా, వోల్టేజీకి తగ్గ స్పీడు అందుకోవాలని కరెంటు లాగుతూనే ఉంటుంది.

ఫుల్ థ్రాటిల్: అందుకేగా థ్రాటిల్ తగ్గించమంది.

బూడిద ఈఎస్‌సీ: ప్లేన్ పడిపోతుంటే నీ బొటనవేలు తగ్గించి ఉంచుద్దా? దానికదే స్టిక్‌ని పైకి తోసేస్తుంది. పైగా సగం థ్రాటిల్లో కూడా ఈఎస్‌సీ కరెంటుని ఆపుతూ వదులుతూ ఉంటుంది, వేడి మనం అనుకున్నంత తగ్గదు.

గాలివాటం: 10 ఇంచులే కావాలంటే పిచ్ తగ్గించి 10×4 చూడు, లోడు 9×6కి దగ్గర్లోనే ఉంటుంది. లాగుడు బాగుంటుంది, టాప్ స్పీడ్ పోతుంది, ట్రైనర్‌కి అదేం నష్టం కాదు. నేలకీ ప్రాప్‌కీ మధ్య ఖాళీ మాత్రం చూసుకో, ఉన్నదే ఇప్పటికే తగిలిందంటున్నావు. స్లో ఫ్లై ప్రాప్‌లు పల్చగా ఉంటాయి, ఎక్కువ ఆర్‌పీఎమ్ మోటార్‌కి పెట్టకు. అంకెలున్న వైపు ముందుకి ఉండాలి, ఇది చెప్పాల్సిన పని లేదనుకుంటాం గానీ తిప్పి బిగించినోళ్ళని చాలామందినే చూశా.

కొత్త పైలట్: వాట్ మీటర్ అరువు తెచ్చి ప్లేన్‌ని గట్టిగా కట్టి చూశా, ఐదేసి సెకన్లు ఫుల్. వేరేవాళ్ళ 9×6తో 23 ఆంప్స్, నా 10×6తో 31.

ఫుల్ థ్రాటిల్: 30కీ 31కీ తేడా ఎంత బ్రో!

కొత్త పైలట్: ఆ ఒక్కటి నీ ఈఎస్‌సీ మీద చూసుకో అన్నా, నేను 9×6 రెండు ఆర్డర్ పెట్టేశా.