బందరు కాలువ పక్క ఇంట్లో వెడీలియా పెంచవచ్చా? పెంచితే హద్దు దాటకుండా చూడటం ఎలా?

కాలువగట్టు నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఇల్లు విజయవాడలో యనమలకుదురు వైపు, బందరు కాలువకు ఒక్క వీధి ఇవతల ఉంది. ఇంటి ముందు ప్రహరీ వెంట నాలుగడుగుల వెడల్పున, పాతిక అడుగుల పొడవున ఖాళీ నేల ఉంది. అది వీధి డ్రైను వైపు వాలుగా ఉండటం వల్ల గట్టి వాన పడిన ప్రతిసారీ పైమట్టి కొట్టుకుపోతోంది. ఎండాకాలంలో అదే నేల దుమ్ము లేచి గుమ్మం దాకా వస్తోంది. గరిక వేద్దామంటే సగం మేర వేపచెట్టు నీడ ఉంది, అక్కడ అది నిలవదని చెప్పారు.

నర్సరీలో అడిగితే పసుపు పూల వెడీలియా వేయమన్నారు. ఎండలోనూ నీడలోనూ పెరుగుతుందని, నేలంతా త్వరగా కప్పేస్తుందని, పెద్దగా పని ఉండదని చెప్పారు. డివైడర్ల మీద, పార్కుల్లో చూసిన మొక్కే గనుక నాకూ నచ్చింది. అయితే ఇది ఒకసారి నేలలో పడితే వదలని మొక్క అని మా బంధువు ఒకరు హెచ్చరించారు. మా అత్తగారేమో అది పసుపు గుంటగలగరేనని, ఇంట్లో ఉంటే మంచిదని అంటున్నారు. సంగతి పూర్తిగా తెలుసుకోకుండా మొక్క కొనదలచుకోలేదు. పెంచవచ్చంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలో, కాలువ దగ్గరగా ఉన్నందువల్ల అదనంగా పట్టించుకోవలసినవి ఏమైనా ఉన్నాయో దయచేసి తెలియజేయగలరు.

విశ్రాంత ఉద్యాన ఉద్యోగి

కొనకముందే అడిగారు, సంతోషం. ముందు మీ అత్తగారి మాట సంగతి చెబుతాను. నర్సరీల్లో వెడీలియా పేరుతో అమ్మేది స్ఫాగ్నెటికోలా ట్రైలోబాటా అనే జాతి. మధ్య అమెరికా, కరీబియన్ దీవుల ప్రాంతం దాని పుట్టిల్లు. ఆకు దళసరిగా, నున్నగా మెరుస్తూ, అంచున మూడు పాయలుగా చీలినట్లు ఉంటుంది. మన వైద్యంలో వాడే పసుపు గుంటగలగర దీనికి దగ్గరి బంధువే గాని జాతి వేరు. దాని ఆకు సన్నగా, కోలగా, పాయలు లేకుండా ఉంటుంది. పూలు రెండింటివీ పసుపే కావడంతో చాలామంది పొరబడతారు. వెడీలియా ఆకును తలనూనెలో గాని, మందుగా గాని వాడవద్దని వారికి చెప్పండి. పశువులకూ మేకలకూ కూడా వేయకండి.

మీ బంధువు చెప్పినది నిజం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితికి చెందిన నిపుణుల బృందం ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 ఆక్రమణ జాతుల జాబితా ఒకటి రూపొందించింది. మన కాలువల్ని పూడ్చేస్తున్న గుర్రపుడెక్క, అడవుల్ని కమ్మేసిన లాంటానా ఉన్న ఆ జాబితాలో ఈ మొక్క కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో దీన్ని అమ్మడమే కాదు, ఊరికే ఇవ్వడం కూడా చట్టవిరుద్ధం. మన దగ్గర ఏ నర్సరీలో అడిగినా ఇస్తారు గనుక, జాగ్రత్త పడవలసిన బాధ్యత పూర్తిగా పెంచేవారిదే.

ఇది ఎలా వ్యాపిస్తుందో తెలిస్తే ఎలా ఆపాలో కూడా తెలుస్తుంది. విత్తనం ద్వారా వ్యాపించడం తక్కువ. పనంతా కణుపు చేస్తుంది. ఒక తీగను చేత్తో పైకెత్తి చూడండి. ఆకుల జంట మొలిచిన ప్రతి కణుపు అడుగునా తెల్లని మొటిమల్లాంటి వేరు మొలకలు కనిపిస్తాయి, తడి మట్టి తగలగానే అవి లోపలికి దిగుతాయి. రెండు వేళ్ల పొడవు ముక్కకు ఒక్క కణుపు ఉన్నా చాలు, తడి నేలలో అది కొత్త మొక్క అవుతుంది. తీగ ఆరడుగుల పైన కూడా సాగుతుంది, నీడను, నీటి నిల్వను, ఉప్పునేలను కూడా తట్టుకుంటుంది. దీని ఆకుల్లోంచి దిగే పదార్థాలు ఇతర మొలకల ఎదుగుదలను అణచివేస్తాయని పరిశోధనల్లో తేలింది. అందుకే ఇది కమ్మిన చోట మరో మొక్క లేవదు.

ఇక హద్దు విషయం. గరికకు, తుంగకు నేలలోపల పాకే దుంపలు, కాడలు ఉంటాయి గనుక వాటికి లోతుగా అడ్డు కడతాం. వెడీలియా నేల మీద పాకుతుంది. కనుక రెండడుగుల లోతున రేకు పాతినా ప్రయోజనం ఉండదు. దీని చుట్టూ కనీసం ఒక అడుగు వెడల్పున ఏమీ లేని పట్టీ ఉండాలి. సిమెంటు చేయించినా, ఇటుకలు పరిచినా సరే. తీగ ఆ పట్టీ మీదికి రాగానే మన కంటపడుతుంది, వేరు దిగడానికి మట్టి దొరకదు. వానాకాలంలో పక్షానికి ఒకసారైనా చుట్టూ తిరిగి, దాటిన తీగలను కత్తిరించాలి. ఈ పని చేయలేమని అనిపిస్తే నేలలో వేయకపోవడమే మంచిది.

కత్తిరించిన ముక్కలను ఏం చేస్తామన్నది అంతకంటే ముఖ్యం. చాలా ఇళ్లలో తోట చెత్తను గోడ అవతలికి విసిరేస్తారు, లేదా కాలువ గట్టున పోస్తారు. ఈ మొక్క ఊరంతా పాకడానికి నాకు కనిపించిన ప్రధాన కారణం అదే. ముక్కలన్నీ ఏరి, నల్లని ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి, డాబా మీద ఎండకు వదిలేయండి. కాడ విరిస్తే పెళుసుగా విరిగే దాకా ఎండాలి. ఆ తర్వాతే ఎరువు గుంటలో వేయండి. పచ్చిగా వేస్తే గుంటలోనే చిగురిస్తుంది.

గుంటూరు మిద్దెతోట

నేను గుంటూరులో డాబా మీద సిమెంటు తొట్టిలో పెంచుతున్నాను. పై వారు చెప్పినదానికి తొట్టి అనుభవం జోడిస్తాను. తొట్టిని నేరుగా నేల మీద పెట్టకూడదు. అడుగు కన్నంలోంచి వేరు దిగుతుంది, అంచు మీదుగా వేలాడే తీగ కొస మట్టిని అందుకుంటుంది. ఇటుకల మీద గాని, ఇనుప స్టాండు మీద గాని ఎత్తుగా ఉంచి, వేలాడే తీగలు నేలకు జానెడు పైనే ఉండేలా కత్తిరిస్తూ ఉండాలి. డాబా మీద వాన నీరు పోయే గొట్టం దగ్గర తొట్టి పెట్టవద్దు, తెగిన ముక్క గొట్టంలో పడితే అది తేలేది వీధి కాలువలోనే. కన్నానికి సన్న జల్లెడ ముక్క వేసుకుంటే ఇబ్బంది ఉండదు. రోహిణి కార్తె ఎండల్లో తొట్టి మొక్క వాడినట్లు కనిపించినా, రెండు పూటలా నీరు పెడితే తేరుకుంటుంది. పూల అందం కోసమైతే ఒక తొట్టి సరిపోతుందని నా అభిప్రాయం.

పటమట పచ్చదనం

పై ఇద్దరూ చెప్పినది సరైనదే అయినా, కాలువకు ఒక్క వీధి దూరంలో, అదీ డ్రైను వైపు వాలుగా ఉన్న నేలలో వెడీలియా వేయడం నాకు సమ్మతం కాదు. ఎంత జాగ్రత్తగా కత్తిరించినా వరద వస్తే మన లెక్కలు పనిచేయవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు, నీరు తీసిన తర్వాత వీధుల్లో ఎవరి పెరటి చెత్త ఎక్కడ తేలిందో చూసినవాళ్లమే. బందరు కాలువ నీరు ఇక్కడితో ఆగదు, కింద డెల్టా పొలాలకు వెళుతుంది. మన పూలమొక్క అక్కడి రైతు గట్టు మీద కలుపు కావడం న్యాయం కాదు. ఇంకొకటి, ఇది మోకాలి దాకా దట్టంగా అల్లుకుంటే పాములకు, ఎలుకలకు మంచి మరుగు అవుతుంది. గుమ్మం పక్కన చిన్నపిల్లలు తిరిగే చోట ఈ విషయం తప్పక ఆలోచించాలి.

నిజానికి మీ సమస్య మట్టి కొట్టుకుపోవడం. దానికి మన మొక్కలే ఉన్నాయి. డ్రైను వైపు, ఎండ తగిలే అంచున, వట్టివేరు ఒక వరుసగా దగ్గరదగ్గరగా నాటండి. దాని వేళ్లు పక్కలకు పాకకుండా నిటారుగా లోతుకు దిగి మట్టిని పట్టుకుంటాయి, దుబ్బు ఉన్నచోటే ఉంటుంది. ఎండ ఉన్న మిగతా నేలలో బొక్కెనాకు వేయండి. మన పొలం గట్ల మీద, చెరువు ఒడ్డున సహజంగా పెరిగే మొక్క అది. నేలకు అంటుకొని పాకుతుంది, నాలుగు అడుగులు దాని మీద పడినా తట్టుకుంటుంది, గుండీల్లాంటి చిన్న పూల మీద సీతాకోకచిలుకలు వాలతాయి. అదీ కణుపుల దగ్గర వేళ్లూనేదే కనుక కత్తిరింపు తప్పదు. కానీ అది ఈ నేలలో ఎప్పటినుంచో ఉన్న మొక్క, దాన్ని తినే పురుగులూ ఇక్కడే ఉన్నాయి. వేప నీడలో తేమ నిలిచే చోట సరస్వతి ఆకు, కాస్త పొడిగా ఉండే చోట వామాకు పెట్టుకోవచ్చు. మొక్కలు నిలదొక్కుకొనే దాకా వాలుకు అడ్డంగా రెండు మూడు చోట్ల ఇటుకలు నిలబెట్టి, రాలిన వేపాకును ఊడ్చి పారేయకుండా అక్కడే పరచండి. వానధాటి నేరుగా మట్టిని తాకదు.

కాలువగట్టు నివాసి

అందరికీ కృతజ్ఞతలు. నేలలో వెడీలియా వేసే ఆలోచన మానుకున్నాను. వట్టివేరు, బొక్కెనాకు, వామాకు వేస్తాను. పూల కోసం గుంటూరు వారు చెప్పినట్లు పోర్టికోలో ఎత్తైన స్టాండు మీద ఒక్క తొట్టి పెట్టుకుంటాను. అయితే మీరు చెప్పిన గుర్తులతో చూస్తే, పక్క ఖాళీ స్థలంలో ఇప్పటికే ఈ మొక్క దట్టంగా ఉంది. ప్రహరీ అడుగున నీరు పోయే కన్నంలోంచి కొన్ని తీగలు మా వైపు వచ్చి వేళ్లూనాయి. ఉప్పు నీళ్లు పోస్తే చస్తుందని ఒకరు, కలుపు మందు కొట్టమని ఒకరు సలహా ఇచ్చారు. ఏది చేయాలి?

విశ్రాంత ఉద్యాన ఉద్యోగి

ఉప్పు వద్దండి. ఇది సముద్రపు ఒడ్డున కూడా బతికే మొక్క, దానికంటే ముందు మీ వేపచెట్టు, మీరు వేయబోయే మొక్కలు దెబ్బతింటాయి. డ్రైను నీరు నేరుగా కాలువలో కలిసే చోట కలుపు మందు కూడా వద్దు. మీ వైపు వచ్చినవి కొన్ని తీగలే గనుక చేత్తో తీయడమే సరైన పని. వాన పడిన మర్నాడు, మట్టి మెత్తగా ఉన్నప్పుడు, తీగ కొస నుంచి మొదలుకు వస్తూ ప్రతి కణుపు దగ్గర చిన్న గునపంతో వేరును వదులు చేసి పైకి తీయండి. గుంజితే తీగ తెగి కణుపు మట్టిలోనే ఉండిపోతుంది. పార వాడకండి, ఒక తీగ పది ముక్కలవుతుంది. తీసిన చోట రాలిన ముక్కలు కూడా ఏరి సంచిలో వేయండి. ఆ తర్వాత ఒక వానాకాలం పాటు పదిహేను రోజులకోసారి చూస్తూ, చిగురు కనిపించిన చోట మళ్లీ తీయాలి. ఎక్కువ మేర కమ్మి ఉంటే, ఏప్రిల్, మే నెలల్లో నేలమట్టానికి కోసి, మందపాటి నల్లని పట్టాతో అంచులు మట్టిలో పూడ్చి కప్పి ఉంచవచ్చు. వెలుతురు అందక, వేడికి వేళ్లు క్షీణిస్తాయి. వేప మొదలు దగ్గర మాత్రం పట్టా కప్పకండి.

కన్నం మూస్తే వాననీరు నిలుస్తుంది కాబట్టి మూయకండి. మీ వైపున కన్నం ముందు రెండడుగుల మేర సిమెంటు పలక వేయించండి, వచ్చే తీగ దాని మీద కనబడుతుంది, అక్కడే కత్తిరించవచ్చు. పక్క స్థలం యజమానితో కూడా ఒకసారి మాట్లాడండి. స్థలం శుభ్రం చేయించేటప్పుడు పొక్లెయిన్‌తో ఆ మట్టిని తీయించి వేరేచోట పోయిస్తే, ఈ తీగ ముక్కలన్నీ ఆ కొత్త చోట మొలుస్తాయని ముందే చెప్పండి. వారు కోయించదలచుకుంటే మండు వేసవిలో కోయించి, కోసినదాన్ని సిమెంటు నేల మీదే ఎండనివ్వమనండి.